అత్త ఇచ్చిన కవాటాలు

నాకు కోపం ఎక్కువని మా ఆసుపత్రిలో అందరూ అంటారు. ఎప్పటినుంచి అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ఒక సోమవారం ఉదయం సంగతి చెబుతాను.

నేను బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్‌లో పుట్టాను. మా తాత పలాస వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో చేరాను. చనిపోయినవాళ్లు దానం చేసిన గుండెల్లోంచి కవాటాలు తీసి, అవసరమైన రోగి దొరికేదాకా వాటిని దాచే చిన్న గది ఒకటి అక్కడ ఉంది. వరండా చివర, కిటికీ లేని గది. అందులో నా ఉద్యోగం.

దాచడమంటే ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేయడం అనుకుంటారు చాలామంది. గుండె కవాటం ఒక రబ్బరు వాషర్ కాదు. మూడు పల్చటి రెక్కలు, వెలుగుకి పట్టుకుంటే అవతలి వేలు మసకగా కనిపించేంత పల్చన. ఆ రెక్కల్లో కణాలుంటాయి. మనిషి పోయాక కూడా కొన్ని గంటలు అవి బతికే ఉంటాయి. ఆ బతుకుని పట్టి నిలబెట్టడమే మా పని. ముందు మందుల నీళ్లలో ఒక రోజు చల్లగా ఉంచి క్రిముల్ని చంపాలి. తర్వాత కణాలకి తిండీ, గడ్డకట్టేటప్పుడు అవి పగిలిపోకుండా కాపాడే మందూ కలిపిన ద్రవంలో వేసి సంచీ మూయాలి. అప్పుడు మెషీన్లో పెట్టి నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున చల్లబరచాలి. తొందరపడితే లోపల మంచు సూదులు లేచి కణాన్ని చీల్చేస్తాయి. చివరికి నైట్రోజన్ ట్యాంకులోకి చేరుస్తాం. అక్కడ మైనస్ నూట యాభైకి కింద, ఏ కదలికా లేకుండా ఏళ్ల తరబడి ఉంటాయి.

నాకీ పని నేర్పింది మా పెద్ద డాక్టరుగారు. కవాటం పెట్టుకున్న మనిషి ఒంట్లో ఆ కణాలు ఎంతకాలం బతుకుతాయో, వాటివల్ల లాభం ఎంతో డాక్టర్లలోనే వాదనలున్నాయి. ఒకసారి నేను అదే అడిగాను. "ఆ వాదన తేలేదాకా, మన గదిలో మాత్రం అవి చావకూడదు" అన్నారాయన. అంతకంటే పెద్ద పాఠం ఆయన నాకు చెప్పలేదు.

ఇక అత్త సంగతి. సొంత అత్త కాదు. మా పక్క క్వార్టర్‌లో ఉండేది. ఆమె భర్త గూడ్సు గార్డు, మా నాన్న స్నేహితుడు. కాలనీలో తెలుగు పిల్లలమంతా హిందీ మీడియంలో చదివేవాళ్లం. తెలుగులో మాట్లాడటమే తప్ప ఒక్క అక్షరం రాసేవాళ్లం కాదు. అత్త మమ్మల్ని సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి దిద్దించేది. తప్పు రాస్తే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. కుళాయి దగ్గర లైను తప్పితే ఎంత పెద్ద ఆఫీసరు పెళ్లాన్నైనా కడిగిపారేసేది. ఆమెకి పిల్లల్లేరు. దాని గురించి ఎవరైనా జాలిగా మాట్లాడితే వాళ్ల గుమ్మం మళ్లీ తొక్కేది కాదు. నాకు తెలుగు, కోపం రెండూ ఆమె దగ్గరే అబ్బాయని మా అమ్మ అంటుంది.

మావయ్య రిటైరయ్యాక ఊళ్లోనే తోర్వా పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఒక ఆషాఢంలో, వాన వెలిసిన ఉదయం, ఆయన స్కూటరు వెనక కూర్చుని అత్త మార్కెట్‌కి బయల్దేరింది. నీళ్లు నిండిన గోతిలో చక్రం పడింది. ఆయన మోచేతులు గీరుకుపోయాయి. ఆమె తల రోడ్డుకి తగిలింది. ఆ గొయ్యి అక్కడ రెండేళ్లుగా ఉంది. అందరం దాని పక్కనుంచే తప్పుకుని తిరిగాం.

మా ఆసుపత్రికే తెచ్చారు. మూడోరోజు పొద్దున్న గుండె ఆగిపోయింది. పెద్ద డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "నీకు కావలసినవాళ్లట కదా. అడగమంటావా, వద్దా?" అన్నారు. అడగమన్నాను.

ఆయన హిందీలో చెప్పారు, మెల్లిగా, కుర్చీ దగ్గరికి లాక్కుని. మావయ్యకి హిందీ నాకంటే బాగా వచ్చు. నలభై ఏళ్లు డ్యూటీ ఆ భాషలోనే చేశాడు. అయినా అంతా విని నా వైపు తిరిగాడు.

"ఏటమ్మా, ఈయనేటి అడుగుతున్నారు? నువ్వు సెప్పు."

తెలుగులో చెప్పాను.

"గుండె పూరా తీసీస్తారా?"

"తీస్తాం మావయ్యా. లోపలున్న నాలుగు కవాటాల్లో రెండు దాస్తాం. ఇంకొకరికి పెడతారు."

"దాస్తే, అవి బతికే ఉంటాయా?"

"వాటిలో కణాలు బతికే ఉంటాయి. సరిగ్గా దాస్తే ఏళ్లు."

"సరిగ్గా దాస్తారా మరి?"

"నేనే దాస్తాను."

ఆయన చాలాసేపు తన చేతి కట్టు వైపు చూశాడు. "అచ్ఛా" అన్నాడు. కాగితం మీద తెలుగులో సంతకం పెట్టాడు.

డాక్టరుగారు నన్ను ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. నేను వెళ్లలేదు. ఆ గుండెని ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. వడగట్టిన గాలి వీచే గాజు పెట్టె ముందు కూర్చుని, చుట్టూ ఉన్న కండని కొంచెం కొంచెంగా తీస్తూ, కవాటాలు రెండూ బయటికి తెచ్చాను. ఎక్కడా చిన్న మచ్చ లేదు. అంత కోపిష్టి మనిషి లోపల అంత మెత్తటివి ఉన్నాయి. పని అయ్యాక బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి, మనసారా ఏడ్చాను. మర్నాడు నిమిషానికో డిగ్రీ లెక్కన వాటిని చల్లబరిచి, సంచీల మీద నంబర్లు రాసి, ట్యాంకులో దించాను.

రెండు నెలలకి రోగి దొరికింది. బెల్తరా నుంచి వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, పెళ్లయి రెండేళ్లు. జ్వరం గుండెకి పాకి కవాటాన్ని తినేసింది. ఆరు వారాలు ఇంజెక్షన్లతో ఆ క్రిముల్ని అణచారు. ఇక ఆపరేషనే. లోహపు కవాటం పెడితే రక్తం పల్చబడే మందు జీవితమంతా మింగాలి, ఆ మందుతో బిడ్డని మోయడం ప్రమాదం. మనిషి కవాటమైతే ఆ బాధ లేదు. ఆమె అత్తగారు ఒకావిడ, నాట్లు వేసి వేసి కాళ్ల వేళ్ల మధ్య ఒరిసిపోయిన మనిషి, ల్యాబ్ గుమ్మం దగ్గరే కూర్చునేది. నేను బయటికి వచ్చినప్పుడల్లా ఛత్తీస్‌గఢీలో, "బాగుంది కదమ్మా ఆ వస్తువు?" అని అడిగేది. బాగుందని చెప్పేదాన్ని. ఆపరేషన్ గురువారానికి పెట్టారు.

దానికి ముందు శుక్ర, శని, ఆదివారాలు నన్ను బిల్హాలో రక్తదాన శిబిరానికి పంపారు. డాక్టరుగారు ఏదో సమావేశానికి వేరే ఊరు వెళ్లారు. రెండో టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉండి అప్పటికి ఏడాది దాటింది. శుక్రవారం నైట్రోజన్ బండి వస్తుంది, ట్యాంకు నింపించాలి, అలారం మోగితే నాకు ఫోన్ చెయ్యాలి అని అటెండరుకి చెప్పాను. హిందీలో రాసి గోడకి అంటించాను కూడా. ఫోన్ రాలేదు. అంతా బాగానే ఉందనుకున్నాను.

సోమవారం తొమ్మిదింటికి వచ్చి గది తలుపు తీశాను. ట్యాంకు నిండుగా ఉంది. ఆ పొద్దున్నే నింపారట. మీటరు ముల్లు సరైన చోటే ఉంది. అలవాటుగా పక్కనున్న రికార్డరు వైపు చూశాను. దానిలో గుండ్రటి కాగితం వారానికి ఒక చుట్టు తిరుగుతుంది, ఎర్రసిరా పెన్ను చల్లదనాన్ని గీతగా గీస్తుంది. దానికి సొంత బ్యాటరీ ఉంది. ఆ గీత శుక్రవారం దాకా సాపుగా ఉంది. శనివారం పొద్దున్నుంచి పైకి లేచింది. ఆదివారం సాయంత్రానికి మైనస్ అరవై దగ్గరికి వచ్చింది. సోమవారం ఏడున్నరకి నిట్టనిలువుగా కిందికి పడింది.

అలారం ప్లగ్గు సాకెట్లోంచి ఊడి నేలమీద ఉంది.

అటెండరుని పిలిచాను. అతను నా మొహం చూడలేదు. శనివారం ఆసుపత్రిలో సన్మాన సభ జరిగిందట. దానం చేసిన కుటుంబాలకి శాలువాలు కప్పారట. గేటు దగ్గర టెంటు వేశారు కాబట్టి శుక్రవారం వచ్చిన నైట్రోజన్ బండిని అడ్డమని వెనక్కి పంపేశారు. అతిథులు ఈ గది చూడటానికి వచ్చారు. మూత తీస్తే తెల్లటి పొగ లేస్తుంది కదా, ఫోటోల్లో బాగుంటుందని మళ్లీ మళ్లీ తీయించారు. అలారం మోగడం మొదలుపెట్టింది. అతిథుల ముందు ఆ గోల ఏమిటని మేనేజరు ప్లగ్గు పీకించాడు. తర్వాత పెట్టడం ఎవరికీ గుర్తులేదు.

ఆ శాలువాల్లో ఒకటి మావయ్యకి కప్పారు. తన భార్య కవాటాలు వెచ్చబడుతుంటే ఆయన్ని ఆ ట్యాంకు పక్కనే నిలబెట్టి ఫోటో తీశారు.

నేను మేనేజరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లాను. ఆయన వినయంగానే మాట్లాడాడు, అదే నాకు ఇంకా మండింది. "మేడమ్, మైనస్ అరవై అంటే గడ్డకట్టే ఉంది కదా? కరగలేదు కదా? ఇప్పుడు మళ్లీ చల్లగానే ఉంది. క్యా ఫర్క్ పడ్తా హై, తేడా ఏముంది?" అన్నాడు.

"మీ ఇంట్లో ఐస్‌క్రీమ్ సగం మెత్తబడ్డాక మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి తిన్నారా ఎప్పుడైనా?" అన్నాను. "పలుకులు పలుకులుగా తగల్లేదూ? మీ కంటికి గట్టిగా కనిపించేది లోపల గట్టిగా లేదు. ఆ మంచు కదిలింది. కణాలు చీరుకుపోయి ఉంటాయి."

"ఉంటాయి అంటున్నారు. చూశారా?"

"చూడలేదు."

"మరింకేం. రిజిస్టర్లో ఆ మూడు రోజులూ మామూలే అని రాసేయండి. గురువారం ఆపరేషన్ ఉంది. పేదవాళ్లు, పాపం, ఎన్నాళ్లుగా కాచుకున్నారు."

పేదవాళ్లంటూ ఆయన చూపిన ఆ జాలిని నేను ఈనాటికీ క్షమించలేదు. రాయనని చెప్పాను. నేను గదికి తిరిగి వచ్చేలోగా అటెండరు రికార్డరు కాగితం మార్చేశాడు, పాతది కనిపించలేదు. కానీ మేనేజరు దగ్గరికి వెళ్లే ముందే దాన్ని నా ఫోనులో ఫోటో తీసుకున్నాను. వరండాలో నిలబడి అరిచాను. హిందీలో మొదలుపెట్టి ఎప్పుడు తెలుగులోకి వచ్చానో నాకే తెలీదు. రోగులు లేచి చూశారు. బెల్తరా ఆవిడ భయపడి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆమెని అలా భయపెట్టినందుకు తర్వాత సిగ్గుపడ్డాను, అరిచినందుకు మాత్రం కాదు.

మంగళవారం డాక్టరుగారు వచ్చారు. ఫోటో చూశారు. ఆపరేషన్ వాయిదా వేయించి, రెండిట్లో ఒక కవాటాన్ని తీసి మెల్లిగా వెచ్చబెట్టమన్నారు. చల్లబరిచేటప్పుడు కలిపిన మందునంతా నేను దశలవారీగా కడిగి, పళ్లెంలో పరిచాను. ఆయన భూతద్దంలోంచి చూసి నన్ను చూడమన్నారు. కవాటం గోడలో వెంట్రుకవాసి పగుళ్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉన్నాయి. రెక్క అంచునుంచి చిన్న ముక్క కోసి పోషక ద్రవంలో వేసి వెచ్చటి పెట్టెలో ఉంచాం. బతికి ఉంటే కొద్ది రోజుల్లో కణాలు ముక్కలోంచి పాకి, గాజుకి అంటుకుని విస్తరిస్తాయి. రోజూ పొద్దున్నే చూశాను. రెండోవారం కూడా చూశాను. ఏమీ రాలేదు.

"కణాలు ఊరికే చచ్చి ఉంటే, పెట్టాలా వద్దా అని ఆలోచించేవాణ్ణి" అన్నారు డాక్టరుగారు. "పగిలినదాన్ని మనిషి గుండెలో పెట్టలేను."

రెండో కవాటం కూడా ఆ ట్యాంకులోనే ఉంది కాబట్టి దాన్నీ వదిలేశాం. డాక్టరుగారు వేరే ఊళ్లలో అడిగి చూశారు. ఆమె కొలతకి సరిపోయేది దొరకలేదు. చివరికి జంతువు కణజాలంతో చేసిన కవాటం పెట్టారు. పిల్ల బతికింది. నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. బిడ్డల్ని కనొచ్చు. కానీ అంత చిన్న వయసులో పెట్టిన ఆ కవాటం కొన్నేళ్లకి గట్టిపడుతుంది, ఛాతీ మళ్లీ కోయాలి. మనిషి కవాటం ఎప్పటికీ అరగదని కాదు. అయినా ఆమెకి దక్కవలసినది దక్కలేదు, ఎందుకంటే ఎవరికో పొగ ఫోటో కావలసి వచ్చింది. వెళ్లేటప్పుడు ఆ అత్తగారు నా చేతిలో ఒక సంచీ బియ్యం పెట్టి దణ్ణం పెట్టింది. నేను ఆ సంచీ పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను.

మావయ్యకి చెప్పొద్దని మేనేజరు కబురు పంపాడు. ఆ ఆదివారం పదింటికే తోర్వా వెళ్లాను. గోడకి ఆ ఫోటో, కుర్చీ వెనక మడతపెట్టిన శాలువా. ఆయన టీ పెట్టాడు. తాగకుండానే మొత్తం చెప్పాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "లైన్ క్లియర్ నేకుండా బండి వదిలీసినారన్నమాట."

"అవును మావయ్యా."

"అలారం మోగితే అలారం పీకీసినారు."

"అవును."

నా కళ్లలోకి చూశాడు. "ఆ మూడ్రోజులూ నువ్వెక్కడికెల్పోనావు? నేనే దాస్తానన్నావు కదేటి నాతోటి."

బిల్హా డ్యూటీ అని చెప్పాను. డ్యూటీ అనే మాట ఆయనకి అర్థమవుతుందనుకున్నాను. అర్థమైంది, కానీ ఆయన మొహం మెత్తబడలేదు. "ఒక ఫోన్ సేసి అడగలేకపోనావు" అన్నాడు. అదీ నిజమే. శనివారం మధ్యాహ్నం బిల్హాలో నేను అరగంట ఖాళీగా కూర్చున్నాను. చేతిలో ఫోనుంది. వాళ్లు చేయలేదు కాబట్టి బాగానే ఉంటుందనుకున్నాను. నా కోపంలో నా మీది వాటా కూడా ఉంది, దానికి ఎవరిమీదా అరవలేను.

రెండు రోజుల తర్వాత ఆయన ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో శాలువా, ఒక ఉత్తరం. ఉత్తరం తెలుగులో ఉంది. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి, హిందీలో రాసి తెమ్మన్నాడు.

"హిందీ నాకొచ్చు" అన్నాడు మావయ్య, హిందీలోనే. "పోయినావిడిది తెలుగు. చదివేవాళ్లు మీ దగ్గరున్నారు, పిలిపించండి."

డాక్టరుగారు నన్ను పిలిపించారు. ఆసుపత్రి యజమాని కూడా వచ్చి కూర్చున్నాడు. నేను నిలబడి ఒక్కో వాక్యం తెలుగులో చదివి, హిందీలో చెప్పాను. రెండు పేజీలు. తిట్టు ఒక్కటి లేదు. ఏ రోజు ఏం జరిగిందో గార్డు జర్నల్ రాసినట్టు రాశాడు. ఎవరినీ ఉద్యోగంలోంచి తీయమనలేదు. చివర్లో అడిగింది ఒకటే. తన భార్య దానం రాసిన రిజిస్టరులో, ఆమె నంబరు ఎదురుగా, ఆ కవాటాలు ఎవరికీ ఎందుకు పనికిరాకుండా పోయాయో ఉన్నదున్నట్టు రాయాలి. రాశాక తనకి చూపించాలి.

మేనేజరు ఏదో సాంకేతిక లోపం అని రాద్దామన్నాడు.

"లోపం కాదు" అన్నాడు మావయ్య. "బండిని వెనక్కి పంపినారు. మూత తీసినారు. ప్లగ్గు పీకినారు. ఈ మూడూ మనుషులు సేసిన పనులు. అలగే రాయండి." అని తెలుగులోనే అని, నా వైపు చూశాడు. నేను హిందీలోకి మార్చాను. ఒక్క ముక్క తగ్గించలేదు.

యజమాని తలూపాడు. నేనే రాశాను. డాక్టరుగారు కింద సంతకం పెట్టారు, చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాక మేనేజరూ పెట్టాడు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని చదివి, శాలువా బల్లమీద వదిలి వెళ్లిపోయాడు. నాతో మాట్లాడలేదు. ఏడాది దాకా మాట్లాడలేదు. తర్వాత మా నాన్న పోయినప్పుడు వచ్చి, నా పక్కన కూర్చుని, తిన్నావా అని అడిగాడు.

మేనేజరుకి శిక్ష పడిందనుకుంటున్నారేమో. ఆ యజమానిదే ఇంకో ఊళ్లో పెద్ద ఆసుపత్రికి పంపారు, ఇంకా పెద్ద కుర్చీలోకి. ఆ కబురు తెలిసిన రోజు మా వంటింట్లో రెండు గ్లాసులు పగిలాయి. మరో టెక్నీషియన్ని మాత్రం వేశారు. ట్యాంకు నింపే రోజున నన్ను ఏ శిబిరానికీ పంపరు.

ఇప్పుడు ఎవరైనా దానానికి ఒప్పుకుంటూ, జాగ్రత్తగా దాస్తారా అని అడిగితే, ఊరికే దాస్తామని అనను. ఇలా ఒకసారి జరిగిందని మొత్తం చెబుతాను. చెప్పొద్దమ్మా, బెదిరిపోతారని డాక్టరుగారు అంటారు. ఒక కుటుంబం నిజంగానే బెదిరి కాగితం తిరిగి ఇచ్చేసింది. వాళ్లని నేను తప్పుపట్టలేదు. మొన్న ఒకాయన, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు, అంతా విని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇంత జరిగినా మీరు ఇక్కడే ఎందుకు పనిచేస్తున్నారు?" అని అడిగాడు.

"నేను వెళ్లిపోతే ఈ సంగతి మీకెవరు చెబుతారు?" అన్నాను, కొంచెం కటువుగానే.

ఆయన కలం అడిగాడు.